ఆ ఒక్క అంకె చాలదు, గీత మొత్తం కావాలి

పోయిన నెల ఒక రిపోర్టు నా బల్ల మీదికి వచ్చింది. ఒక కంటైనర్ ఓడకి చేసిన చిన్న మోడల్‌ని పొడవాటి నీటి ట్యాంక్‌లో పరీక్షించి రాసిన రిపోర్టు అది. ఓడ ఎంత ఇంధనం తాగుతుంది, ప్రొపెల్లర్ ఎలా పని చేస్తుంది, ఎదురు అలల్లో వేగం ఎంత తగ్గుతుంది, ఇలా అన్నిటికీ పేజీలకు పేజీలు, రంగురంగుల గ్రాఫులు ఉన్నాయి. ఓడ పక్కలకి ఊగడం ఎంత త్వరగా ఆగుతుందనే దానికి మాత్రం ఒక్క వరుస కేటాయించారు: "రోల్ డ్యాంపింగ్ నిష్పత్తి 0.054."

ఏ కోణం దగ్గర? ఓడ నిలబడి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? ఎన్నిసార్లు చేసి చూస్తే వచ్చింది? వీటిలో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. దశాంశం తర్వాత మూడు అంకెలు వేశారు కాబట్టి చాలా జాగ్రత్తగా కొలిచినట్టు కనబడుతుంది. నాకు మాత్రం ఆ వరుస చూసిన దగ్గర్నుంచి టెన్షన్ పట్టుకుంది.

ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం. మోడల్ టెస్ట్ నుంచి రోల్ డ్యాంపింగ్ ఇచ్చేవాళ్ళు గుణకం ఒక్కటే ఇవ్వకూడదు, ఊగుడు తగ్గిపోయిన గీత మొత్తం ఇవ్వాలి. ముఖ్యంగా ఆ గీత చివర, అందరూ "ఇక్కడ ఏముంది, అంతా నాయిస్" అని కత్తిరించి పారేసే సన్నటి తోకని ఇవ్వాలి. అంత పట్టుదల ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

ఓడ పైకీ కిందికీ లేస్తున్నప్పుడు, ముక్కు ముంచి తేలుతున్నప్పుడు చుట్టూ పెద్ద అలలు పుట్టించి, తన శక్తిని వాటికిచ్చి పంపేస్తుంది. ఆ లెక్క కాగితం మీద బాగానే వస్తుంది. పక్కలకి ఊగేటప్పుడు అలా కాదు. గుండ్రటి దుంగని నీళ్ళలో దాని ఇరుసు చుట్టూనే అటూ ఇటూ తిప్పితే అలలే పుట్టవు. ఓడ పొట్ట దాదాపు అలాంటిదే. కాబట్టి శక్తి పోవాలంటే మిగిలినవి చిల్లర దారులే: ఒంటికి రాసుకునే నీటి రాపిడి, అంచుల దగ్గర పుట్టే సుడులు, బిల్జ్ కీళ్ళు (ఓడ పొట్ట కింద రెండు పక్కలా పొడవునా అతికించే రెక్కల్లాంటి పలకలు; ఒక్కోదాన్ని బిల్జ్ కీల్ అంటారు), ఓడ ముందుకి వెళ్తుంటే పుట్టే లిఫ్ట్ (నీళ్ళు పొట్టని పక్కకి నెట్టే బలం). చిల్లరే, కానీ ఓడ తన సహజ తాళంలో ఊగడం మొదలుపెట్టాక ఆ చిల్లరే అంతా నిర్ణయిస్తుంది. నిష్పత్తి 0.05 అయితే అల తోపుకి వచ్చే ఊగుడు పదింతలవుతుంది, 0.03 అయితే దాదాపు పదిహేడింతలవుతుంది. కాగితం మీద ఆ రెండు అంకెల మధ్య తేడా కంటికి ఆనదు. డెక్ మీద ఆరు వరుసల ఎత్తు కంటైనర్లు పేర్చి ఉన్నప్పుడు మాత్రం బాగా ఆనుతుంది.

నీళ్ళు పడుకోలేదు, ఆగు

నేను చదువుకునే రోజుల్లో ఒక ట్యాంక్‌లో కొన్ని నెలలు పనిచేశాను. అక్కడి టెక్నీషియన్‌ని మేమంతా అన్నా అని పిలిచేవాళ్ళం. నా మొదటి రోల్ డికే టెస్ట్ ఆయనే చేయించారు. 200 మీటర్ల ఓడకి 4 మీటర్ల మోడల్, అంటే 50కి 1 స్కేలు. లోపల ఇనుప బరువులు సర్ది, ఓడ బరువూ, గురుత్వ కేంద్రం ఎత్తూ, అడ్డంగా బరువు పరుచుకున్న తీరూ సరిచూసుకున్నాం. అదొక పూట పని.

తర్వాత చేసేది చూడడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మోడల్ నడుమ దగ్గర అంచు మీద రెండు వేళ్ళు ఆనించి నిటారుగా కిందికి నొక్కాలి. పక్కకి తోయకూడదు, ముందుకి లాగకూడదు. 20 డిగ్రీలు ఒరిగాక వేళ్ళు ఒక్కసారిగా తీసెయ్యాలి. మోడల్ ఊగుతుంది. ఓడకి 14 సెకన్లు పట్టే ఊపు ఈ స్కేల్లో రెండు సెకన్లలో అయిపోతుంది. తెర మీద గీత పైకీ కిందికీ పోతూ, ఒక్కో కొసా కాస్త కాస్త కుంగుతూ, చివరికి దారంలా సన్నబడుతుంది.

మొదటిసారి వదిలాక నాకు సంబరమేసింది. వెంటనే రెండోసారి వేళ్ళు పెట్టబోయాను. అన్న నా చెయ్యి పట్టుకుని, "నీళ్ళు ఇంకా పడుకోలేదు, ఆగు," అన్నారు. నాకు నీళ్ళు అద్దంలా కనబడుతున్నాయి. ఆయన దీపం వెలుతురు నీటి మీద పడేలా పక్కకి వంగి చూడమన్నారు. చూస్తే, మోడల్ పంపిన సన్నటి అలలు గోడకి తగిలి వెనక్కి వస్తున్నాయి. మిల్లీమీటరు ఎత్తు కూడా ఉండవు. మోడల్ 20 డిగ్రీల్లో ఊగుతుంటే అవి లెక్కలోకి రావు. డిగ్రీ, అర డిగ్రీల్లో ఊగుతున్నప్పుడు మాత్రం అవే మోడల్‌ని ఊపుతాయి, లేదా ఆపుతాయి. ఆ రోజు ఒక్కో పరుగుకీ మధ్య పావుగంట ఆగాం. అంతా అయ్యేసరికి సాయంత్రమైంది.

ఇంకో సంగతి అంతకన్నా బాగా గుర్తుంది. రెండో రోజు చేసిన పరుగులన్నీ మొదటి రోజు వాటికన్నా త్వరగా ఆగిపోతున్నాయి. పెద్ద కోణాల్లో రెండు రోజులూ ఒకేలా ఉన్నాయి, 4 డిగ్రీల కింద మాత్రం తేడా. సగం రోజు సెన్సర్‌ని అనుమానించాం, బరువులు మళ్ళీ తూచాం. చివరికి చూస్తే, సెన్సర్ నుంచి పైకి వెళ్ళే కేబుల్‌ని ఎవరో పొద్దున ఇంకో కొక్కేనికి మార్చారు. అది మునుపటికన్నా కొంచెం బిగువుగా వేలాడుతోంది. మోడల్ కదిలినప్పుడల్లా ఆ కేబుల్ వంగుతూ రాసుకుంటూ తన వంతు డ్యాంపింగ్ తను ఇస్తోంది. వేలెడు మందం లేని కేబుల్ అది. పాత కొక్కేనికి మార్చగానే గీత మళ్ళీ మొదటి రోజులా వచ్చింది.

మేం ఆ తేడా పట్టుకోగలిగింది తోక చూశాం కాబట్టే. ఒక్క గుణకం తీసి రాసుకుని ఉంటే ఆ కేబుల్ ఇచ్చిన డ్యాంపింగ్ కూడా ఓడదే అయిపోయేది.

ఒకే గీత, రెండు లెక్కలు

ఊగుడు ఎలా తగ్గుతుందో లెక్కగట్టే పద్ధతి విలియం ఫ్రౌడ్ అనే బ్రిటిష్ ఇంజనీర్ కాలం నాటిది. ఆయన 1870లలో వేసిన దారిలోనే మనం ఇంకా నడుస్తున్నాం. ఒక్కో ఊపుకి (ఇక్కడ ఊపంటే ఒక పక్క కొస నుంచి అవతలి పక్క కొస దాకా, అంటే ఇందాకటి 14 సెకన్ల ఊపులో సగం) కోణం ఎంత తగ్గిందో చూసి, ఆ తగ్గుదలలో కొంత కోణానికి అనుపాతంలో ఉందనీ, కొంత కోణం వర్గానికి అనుపాతంలో ఉందనీ అనుకుని రెండు గుణకాలు తీస్తాం. మొదటిది ఎ, రెండోది బి అనుకుందాం. రాపిడీ, అలలూ, లిఫ్టూ ఎక్కువగా ఎ లోకి పోతాయి. సుడులూ బిల్జ్ కీళ్ళూ బి లోకి పోతాయి.

చిక్కు ఇక్కడే ఉంది. ఒకే రికార్డుని ఇద్దరికి ఇవ్వండి. ఒకరు మొదటి కొసని తీసేస్తారు, ఎందుకంటే వేళ్ళు వదిలిన క్షణంలో నీళ్ళు ఇంకా సర్దుకోలేదు. అది సబబే. ఇంకొకరు ఉంచుతారు, ఎందుకంటే పెద్ద కోణం దగ్గర ఉన్న సమాచారం అదొక్కటే. అదీ సబబే. ఒకరు 3 డిగ్రీల దగ్గర ఆపేస్తారు, ఇంకొకరు 1 దాకా వెళ్తారు. ఇద్దరికీ వేరువేరు ఎ, బి వస్తాయి.

లెక్క తేలిగ్గా ఉండేందుకు గుండ్రటి అంకెలతో చూపిస్తాను. మొదటి మనిషికి ఎ 0.05, బి 0.012 వచ్చాయనుకుందాం. రెండో మనిషికి 0.09, 0.008. కోణాలు డిగ్రీల్లో. 10 డిగ్రీల దగ్గర ఇద్దరి లెక్క ప్రకారమూ ఒక్కో ఊపుకి 1.7 డిగ్రీలు తగ్గుతుంది. చక్కగా కుదిరింది. దాన్ని నిష్పత్తిగా మారిస్తే 0.054. నా రిపోర్టులో ఉన్న అంకె. ఇప్పుడు 30 డిగ్రీలకి వెళ్ళండి. మొదటి లెక్కలో 12.3 డిగ్రీలు, రెండో లెక్కలో 9.9. 5 డిగ్రీలకి దిగితే నిష్పత్తులు 0.035, 0.041. ఇద్దరూ తప్పు చెయ్యలేదు. ఇద్దరి గీతలూ కొలతల మీదుగానే పోతాయి. వాళ్ళు కలిసే చోటు మాత్రం ఒక్కటే, ఆ ఒక్క చోటి అంకెనే రిపోర్టులో రాస్తే మిగతా చోట్ల వాళ్ళకి ఉన్న తేడా ఎవరికీ కనబడదు.

పెద్ద కోణాల వైపు ఇంకో ప్రమాదం ఉంది. బి పెద్దదైతే కోణం పెరిగే కొద్దీ డ్యాంపింగ్ పెరుగుతూనే పోతుందని సమీకరణం చెప్తుంది. నిజం ఓడలో ఒక కోణం దాటాక బిల్జ్ కీల్ నీటి పైకి తేలుతుంది, డెక్ అంచు మునుగుతుంది, డ్యాంపింగ్ ఒక్కసారిగా మారిపోతుంది. 20 డిగ్రీల నుంచి వదిలిన మోడల్‌కి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

"సేఫ్ సైడే కదా" అనే మాట

నేను ఈ గొడవ ఎత్తినప్పుడల్లా అనుభవం ఉన్నవాళ్ళు ఒక మాట అంటారు. "10 డిగ్రీల దగ్గరి డ్యాంపింగ్ తీసుకుని 30 డిగ్రీలకి వాడితే ఏమవుతుంది? అసలు ఉన్నదానికన్నా తక్కువ వాడినట్టే. లెక్కలో ఓడ ఎక్కువ ఊగుతుంది, నిజంలో తక్కువ. సేఫ్ సైడే కదా."

చాలా ఏళ్ళు నేనూ దీన్ని నమ్మాను. పక్క నుంచి వచ్చే అలల్లో ఓడ ఎంత ఊగుతుందో చూసేటప్పుడు, బిల్జ్ కీల్ నీళ్ళలో ఉన్నంతవరకు, ఇది చాలా మటుకు నిజమే కూడా. నా నమ్మకం కదిలింది పారామెట్రిక్ రోలింగ్ దగ్గర.

1998 అక్టోబర్‌లో ఏపీఎల్ చైనా అనే కంటైనర్ ఓడ ఉత్తర పసిఫిక్‌లో తుపానులో చిక్కుకుంది. అలలు దాదాపు ఎదురుగా వస్తున్నాయి. ఎదురు అలల్లో ఓడ ముక్కు ముంచి తేలాలి గానీ పక్కలకి ఊగడానికి కారణం కనబడదు. అయినా ఆ ఓడ 35 డిగ్రీలకి పైగా ఊగింది. వందల కంటైనర్లు సముద్రంలో పడిపోయాయి, ఇంకెన్నో నుజ్జయ్యాయి. ముక్కూ వెనకా వెడల్పుగా పరుచుకున్న ఓడల్లో, అల కింద నుంచి పోతున్నప్పుడల్లా నిటారుగా నిలబడే శక్తి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఓడ ఒకసారి అటూ ఇటూ ఊగేలోపు రెండు అలలు పోతే, ఊయల మీద నిలబడి సమయానికి కుంగుతూ లేస్తూ ఊపు పెంచుకునే పిల్లలాగా ఓడ తనని తానే ఊపుకుంటుంది. పారామెట్రిక్ రోలింగ్ అంటే ఇదే.

అసలు ఊగుడు పెరగడం మొదలవుతుందా లేదా అన్నది తేలేది ఒకటి రెండు డిగ్రీల్లోనే. అల ఒక్కో ఊపుకి ఇచ్చే శక్తి కన్నా డ్యాంపింగ్ తీసుకునేది ఎక్కువైతే ఏమీ జరగదు. తక్కువైతే పెరగడం మొదలవుతుంది, ఒకసారి మొదలైతే కొద్ది ఊపుల్లోనే భయంకరంగా పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ కావలసింది చిన్న కోణాల డ్యాంపింగ్. 10 డిగ్రీల దగ్గరి 0.054ని ఆ ప్రశ్నకి వాడితే, నిజంగా 0.035 లేదా అంతకన్నా తక్కువ ఉన్నచోట 0.054 ఉందని నమ్మినట్టు. సేఫ్ సైడ్ అనుకున్నది ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా అవతలి పక్కకి తిరిగిపోతుంది.

ఇప్పుడు ఆ కేబుల్ సంగతి మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. మోడల్‌ని తప్పుదోవ పట్టించేవన్నీ, అంటే కేబుల్ రాపిడీ, గోడకి కొట్టుకొచ్చిన అలలూ, మనకి అతి ముఖ్యమైన ఆ చిన్న కోణాల దగ్గరే ఎక్కువ బలంగా ఉంటాయి. నీటి రాపిడి కూడా అంతే. మోడల్‌ని ఫ్రౌడ్ స్కేలు ప్రకారం ఊపుతాం గనక అలలు సరిగ్గా వస్తాయి, రాపిడి మాత్రం స్కేలుకి రాదు. చిన్న మోడల్‌కి నీళ్ళు ఓడకన్నా చిక్కగా తోస్తాయి. అందుకే మొత్తం డ్యాంపింగ్‌లో రాపిడి వాటా ఓడలో కన్నా మోడల్‌లో ఎక్కువ. దిద్దకుండా వాడితే మళ్ళీ డ్యాంపింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది. చిన్న కోణాల దగ్గర జరిగే పొరపాట్లు చాలావరకు ఒకే దిక్కుకి, ఓడ బాగానే ఆగుతుందని చెప్పే దిక్కుకే లాగుతున్నాయి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

నాకున్న అనుమానాలు

ఇంత చెప్పాక, నా వాదనలో నాకే మెత్తగా అనిపించే చోట్లున్నాయి.

పెద్దది ఇది: తోక నిజంగానే నాయిస్ కావచ్చు. అర డిగ్రీ ఊపులో సెన్సర్ తప్పు ఎంత, నీటి ఊపు ఎంత, ఓడది ఎంత అని ఒక్క రికార్డు నుంచి ఎవరూ విడదియ్యలేరు. నా జవాబు, 20 డిగ్రీల నుంచి వదిలి తోక కోసం ఎదురుచూడడం మానేసి 4, 5 డిగ్రీల నుంచి విడిగా ఐదారుసార్లు వదలమని. అప్పుడు నీళ్ళని ముందే కదిపేసిన పెద్ద ఊపులు ఉండవు. అలా చేసినా పరుగుకీ పరుగుకీ కొంత తేడా ఉంటుంది. ఉండనివ్వండి, ఆ తేడాని కూడా చూపించండి.

ఖర్చు సంగతి నేను కొట్టిపారెయ్యలేను. ట్యాంక్ సమయం చాలా ఖరీదు. ప్రతి పరుగుకీ పావుగంట ఆగాలంటే ఆ పావుగంటకి కూడా ఎవరో డబ్బు కట్టాలి. పైగా ఓడ నడుస్తుంటే లిఫ్ట్ వల్ల డ్యాంపింగ్ పెరుగుతుంది కాబట్టి, నిలబెట్టి చేసిన టెస్ట్ ఒక్కటే చాలదు, రెండు మూడు వేగాల్లో చెయ్యాలి. అన్నీ చేస్తే వారం పడుతుంది. నన్ను అడిగితే సున్నా వేగమూ, తుపానులో ఓడ నెమ్మదించినప్పటి వేగమూ చాలు. పూర్తి వేగంలో డ్యాంపింగ్ బాగానే ఉంటుంది. భయమంతా కెప్టెన్ వేగం తగ్గించాకే.

"మోడల్ ఎందుకు, ఇకెడా పద్ధతి ఉందిగా" అనేవాళ్ళూ ఉన్నారు. 1970లలో జపాన్‌లో ఇకెడా, హిమెనో, తనకా కలిసి డ్యాంపింగ్‌ని రాపిడి, సుడులు, లిఫ్ట్, అలలు, బిల్జ్ కీల్ అని విడదీసి ఒక్కోదానికీ విడిగా లెక్క కట్టారు. నాకు ఆ పని అంటే ఎంతో గౌరవం. ఏ భాగం స్కేలుతో మారుతుందో ఏది మారదో మనం మాట్లాడగలుగుతున్నామంటే ఆ విభజన వల్లే. దాన్నే తేలిక చేసిన సూత్రాలు 2009లో వచ్చాయి. వాటికి హద్దులున్నాయి: వెడల్పుని మునిగిన లోతుతో భాగిస్తే 2.5 నుంచి 4.5 మధ్య, బ్లాక్ గుణకం (మునిగిన భాగం పెట్టెలా ఎంత నిండుగా ఉందో చెప్పే అంకె) 0.5 నుంచి 0.85 మధ్య ఉండాలి. ఇప్పటి వెడల్పాటి ఓడలు తేలిక బరువుతో తేలుతున్నప్పుడు ఆ హద్దు సులువుగా దాటిపోతాయి. హద్దు దాటినా సూత్రం ఏదో ఒక అంకె ఇస్తూనే ఉంటుంది, అదే గొడవ. కంప్యూటర్ మీద నీటి ప్రవాహాన్ని అనుకరించే లెక్కలు ఇప్పుడు చాలా బాగా వస్తున్నాయి. అయితే అవి సరిగ్గా వచ్చాయా అని చూసుకోవడానికి కూడా పోల్చుకునే గీత కావాలి. గుణకం ఇస్తే దేనితో పోల్చుకుంటారు?

లెక్కని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చెప్పే పాత ఉదంతం ఒకటుంది. బ్రిటిష్ నౌకాదళం 1890లలో కట్టిన రాయల్ సావరిన్ తరగతి యుద్ధనౌకలకి ముందు బిల్జ్ కీళ్ళు పెట్టలేదు. అంత పెద్ద ఓడలకి వాటితో ఒరిగేదేమీ లేదనుకున్నారు. 1893 డిసెంబర్‌లో వాటిలో ఒకటైన రిజల్యూషన్ తుపానులో విపరీతంగా ఊగింది. ఆ తర్వాత బిల్జ్ కీళ్ళు తగిలించి రివెంజ్ అనే ఓడ మీద పరీక్ష చేస్తే, ఊగుడు లెక్కలు చెప్పినదానికన్నా ఎంతో ఎక్కువగా తగ్గింది. ఆ కాలంలో నిజం ఓడని ఊపడానికి సిబ్బందిని డెక్ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తాళం తప్పకుండా పరుగెత్తించేవాళ్ళు. వాళ్ళు ఊపు ఊపుకీ కోణం ఎంత తగ్గిందో గీత గీసి పెట్టారు గనకే, లెక్క ఎక్కడ తప్పిందో తర్వాతివాళ్ళు వెతకగలిగారు.

అంకె లేకుండా నియమాలు నడవవని కూడా అంటారు. ఒప్పుకుంటాను. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020లో తెచ్చిన కొత్త స్థిరత్వ మార్గదర్శకాల్లో పారామెట్రిక్ రోలింగ్ ఒక ముఖ్యమైన భాగం, అందులో లెక్క చెయ్యాలంటే డ్యాంపింగ్ అంకెలు వెయ్యాల్సిందే. వేద్దాం. గీత దగ్గర ఉంటే ఆ ప్రశ్నకి తగ్గ అంకె అందులోంచి తీసుకోవచ్చు. అంకె ఒక్కటే ఉంటే దాన్నుంచి గీతని ఎవరూ వెనక్కి తేలేరు.

రిపోర్టు పంపినవాళ్ళకి రాశాను

రికార్డులు కావాలని అడిగాను. మొదట మా ఒప్పందంలో అవి లేవన్నారు. అది నిజమే, అడగకపోవడం మా తప్పే. వారం తర్వాత మర్యాదగానే పంపారు. తెరిచి చూస్తే సున్నా వేగంలో నాలుగే పరుగులు, అన్నీ 15 డిగ్రీల నుంచి వదిలినవి. ప్రతి రికార్డునీ 3 డిగ్రీల దగ్గర ఆపేశారు. నాలుగింటిలో మూడు ఒకదాని మీద ఒకటి కుదురుకున్నాయి. నాలుగోది 6 డిగ్రీల కింద పక్కకి జరిగింది. పక్కనే ఎవరో చేత్తో రాసిన చిన్న గమనిక స్కాన్‌లో ఉంది: "నీళ్ళు కదులుతున్నాయి, మళ్ళీ చెయ్యాలి." మళ్ళీ చేసినట్టు ఎక్కడా లేదు. 0.054 మాత్రం నాలుగింటి సగటు.

ఆ గమనిక రాసిన మనిషి ఎవరో నాకు తెలియదు. దీపం వెలుతురులో పక్కకి వంగి నీళ్ళని చూసిన మనిషి అయ్యుంటారు. ఆ మనిషి చూసినది రిపోర్టు దాకా రాలేదు. మా తదుపరి టెస్ట్ కోసం పంపే కాగితంలో ఇప్పుడు మూడు వాక్యాలు చేర్చాను. ప్రతి పరుగు రికార్డూ మొదటి నుంచి చివరి దాకా, ఏదీ కత్తిరించకుండా ఇవ్వాలి. 5 డిగ్రీల నుంచి కనీసం ఆరుసార్లు విడిగా వదలాలి. ట్యాంక్ దగ్గర చేత్తో రాసుకున్న గమనికల కాపీ కూడా జత చెయ్యాలి.